అర రీలు జలపాతం

ఆ దేశం ఎంత చిన్నదంటే, ఒక కొసన తుమ్మితే రెండో కొసన "చిరంజీవ" అంటారని చెప్పుకుంటారు. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి సరిహద్దు వచ్చేస్తుంది. ఆ కాస్త జాగాలోనే ఒక జలపాతం, ఒక కొండకోట, ఒక గుహ, ఒక సరస్సు, సముద్రం ఒడ్డున ఒక లైట్‌హౌసు ఉన్నాయి. వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ పర్యాటక శాఖ వారి పచ్చ అట్ట పుస్తకం ఉంటుంది.

ఆ పుస్తకం రాసేది వర్ణనగారు. అసలు పేరు ఆఫీసు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. కానీ క్యాంటీన్లో నిలబడి "పొగలు విరజిమ్ముతూ పరిమళాలు వెదజల్లే ఒక కప్పు టీ" అని అడిగే మనిషిని ఇంకేమని పిలుస్తారు? శ్రోతలు దొరికితే ఆయన అగ్గిపెట్టెనైనా పావుగంట వర్ణించగలరు.

ఇరవై రెండేళ్ళుగా వర్ణనగారు ఆ అయిదు చోట్లనీ వర్ణిస్తూనే ఉన్నారు. పదకొండు ముద్రణలు వచ్చాయి. అయితే ఆ అయిదింటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆయన కంటితో చూడలేదు.

కారణం బస్సు. ఊరు దాటగానే కొండదారి మొదలవుతుంది. మొదటి మలుపులో వర్ణనగారు మాట మానేస్తారు. రెండో మలుపులో రంగు మారతారు. మూడో మలుపులో బస్సు ఆపాల్సి వస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో వర్ణించడానికి ఆయనే ఇష్టపడరు.

ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే, ఆయన భార్య. ఆవిడ దర్జీ. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను, గోడ నిండా కోట్లు, మెడలో ఎప్పుడూ కొలత టేపు. ఊళ్ళో సగం మంది నడుముల సంగతి ఆవిడకి తెలుసు. ఏ నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో కూడా చెప్పగలదు, కానీ చెప్పదు. ఆ ఒక్క గుణం వల్లే ఆవిడ వ్యాపారం చల్లగా సాగుతోంది.

పెళ్ళయిన వారానికి ఇద్దరూ జలపాతం చూడ్డానికి బయల్దేరారు. తుంపర మీద పడుతుందని ఆవిడ ఒక నీలం గొడుగు కొనుక్కుంది. మూడో మలుపు దగ్గర దిగి, ఎదురొచ్చిన పాల వ్యానెక్కి ఇంటికొచ్చేశారు. ఆ గొడుగు మడత నలగకుండా ఇప్పటికీ బీరువాలో ఉంది. వానకి ఆవిడ వేరే గొడుగు వాడుతుంది.

"ఏమండీ, ఒక్కసారి ఆ జలపాతం చూసొద్దామా?" అని ఆవిడ ఏడాదికోసారి అడిగేది.

"ఏముందోయ్ అక్కడ? నేను రాశానుగా, చదువుకో" అనేవారు ఈయన.

ఆవిడ చదివేది. పదకొండు ముద్రణలూ చదివింది. చదివి ఒకసారి తలెత్తి, "ఈ జలపాతం ఎదుగుతోందేమిటండీ, చంటిపిల్లాడిలాగా?" అంది.

ఎదుగుతున్న మాట నిజమే. కొత్త ముద్రణ తయారు చెయ్యడానికి ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పాత పుస్తకం ముందు పెట్టుకుని, ప్రతి వాక్యంలోనూ ఒక విశేషణం పెంచాలి. మొదటి ముద్రణలో 'జలపాతం' అని ఊరుకున్నది, రెండోదానికి 'చక్కటి జలపాతం' అయింది, అయిదోదానికి 'దివి నుండి భువికి దూకే పాలకడలి' అయింది. విశేషణాలు పెరిగినప్పుడు అంకెలు అలాగే ఉంటే ఏం బావుంటుందని వర్ణనగారు ముద్రణకి కొన్ని మీటర్లు చొప్పున అవీ పెంచుతూ వచ్చారు. పదకొండో ముద్రణకి జలపాతం నూట ఇరవై మీటర్లకి చేరింది. ఎవరూ అడగలేదు. దొరక్కపోతే దొరే కదా.

అడిగే మనిషి పోయిన నెల వచ్చింది. కొత్త డైరెక్టరు. ఆవిడ బల్లమీద నల్లసిరా ఉండదు, ఎర్రసిరా ఒక్కటే ఉంటుంది. అందుకని వచ్చిన మూడో రోజుకల్లా ఆఫీసంతా ఆవిణ్ణి ఎర్రసిరా మేడం అనుకుంటోంది.

ఎర్రసిరా మేడం వర్ణనగారిని పిలిచి ఒక ఉత్తరం చేతికిచ్చింది. ఎవరో యాత్రికుడు రాశాడు. 'మీ పుస్తకం చదివి నూట ఇరవై మీటర్ల జలపాతం కోసం గంటసేపు వెతికాను. వెతికినంతసేపూ దానికి ఆనుకునే నిలబడ్డానని తర్వాత తెలిసింది. ఎవరో కొళాయి కట్టడం మర్చిపోయారనుకున్నాను.'

"ఈ జలపాతం మీరు చూశారా?" అంది మేడం.

"చూడకుండా రాస్తానా మేడం! ఆ దృశ్యం నా కనుపాపలపై..."

"చూశారా లేదా?"

"చూశాను" అన్నారు వర్ణనగారు. అబద్ధాలకి విశేషణాలు అక్కర్లేదని అప్పుడే ఆయనకి తెలిసింది.

"మంచిది. మళ్ళీ చూడండి." మేడం ఒక కాగితం జరిపింది. పైన 'పరిశీలన పత్రం' అని ఉంది. కింద అయిదు చోట్ల పేర్లు, ఎత్తు, పొడవు, మెట్లు, ద్వారాలు, వేళలు అంటూ గళ్ళు. అట్టడుగున ఎర్రసిరాతో 'స్వయంగా చూసి రాయాలి, లేదంటే టైం టేబుళ్ళ విభాగం' అని ఉంది. "రెండు వారాల్లో అయిదు చోట్లకీ మీరే స్వయంగా వెళ్ళి, ఇది పూర్తిచేసి తీసుకురండి. లేదా కింది అంతస్తులో బస్సుల టైం టేబుళ్ళ విభాగంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది."

టైం టేబుళ్ళలో విశేషణానికి చోటుండదు. 'ఏడుగంటల పది నిమిషాలు' అన్నదాని ముందు 'మనోహరమైన' అని పెట్టనివ్వరు. అదీగాక జన్మంతా బస్సుల పేర్లు రాస్తూ కూర్చోవాలి. తలుచుకుంటేనే వర్ణనగారికి కళ్ళు తిరిగాయి.

కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని ఇంటికి నడుస్తూ ఆయన ఆలోచించారు. వెళ్ళాలి, కానీ వెళ్ళకూడదు. నాలుగో వీధి మొగలో ఉపాయం తట్టింది. కాళ్ళు తనవే అవ్వాలని ఎక్కడుంది? జలపాతం జలపాతమని ఇరవై రెండేళ్ళుగా కలవరిస్తున్న మనిషి ఇంట్లోనే ఉందాయె. ఆవిణ్ణి పంపిస్తే ముచ్చటా తీరుతుంది, వచ్చాక మాటల్లో పెట్టి వివరాలన్నీ లాగితే పత్రమూ నిండుతుంది. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ మలుపులో ఉన్న దీపస్తంభానికి గుద్దుకుని, దానికి క్షమాపణ చెప్పుకున్నారు.

ఇంట్లో అడుగుపెట్టగానే, "నీకొక బహుమానం!" అన్నారు.

ఆవిడ మిషను ఆపలేదు. "ఏం తప్పు చేశారు?"

"తప్పేమిటోయ్? కట్టుకున్న భార్యకి బహుమానం ఇస్తే..."

"కిందటిసారి ఇచ్చినప్పుడు నా కత్తెరతో తీగ కత్తిరించారు. అంతకు ముందుసారి ఇచ్చినప్పుడు మా తమ్ముడి సైకిలు పోగొట్టారు."

ఈయన దారిలో కొనుక్కొచ్చిన రెండు టిక్కెట్లు తీసి మిషను మీద పెట్టారు. నాలుగు రోజుల బస్సు యాత్ర, అయిదు చోట్లూ చూపిస్తారు. మిషను ఆగింది. ఆవిడ టిక్కెట్లు తీసుకుని, వెనకా ముందూ తిప్పి చూసింది.

"మీరొస్తున్నారా?" అంది చివరికి. ఆ గొంతు విని వర్ణనగారికి ఒక్క క్షణం మనసు కలుక్కుమంది. ఒక్క క్షణమే.

"రావాలనే ఉంది. కానీ పొద్దుట్నించీ నడుం పట్టేసింది. అబ్బా! అక్కయ్యని తీసుకెళ్ళు. నేనేమీ అనుకోను."

అక్కయ్యంటే ఈయన సొంత అక్క. బళ్ళో పిల్లలకి వ్యాయామం నేర్పి రిటైరయింది. ఉద్యోగం వదిలింది కానీ మెళ్ళో ఈల వదల్లేదు. కూర కావాలన్నా ఈలే, తలుపు తియ్యాలన్నా ఈలే. చుట్టాలందరికీ ఆవిడ ఈలక్కయ్య.

"నడుం ఏ పక్కన పట్టింది?" అంది భార్య.

"కుడి... కాదు, ఎడమ. మధ్యలో."

ఆవిడ మెడలో టేపు తీసి ఆయన నడుం చుట్టూ వేసింది. "ముప్ఫై తొమ్మిది. పట్టెయ్యడానికి చాలా చోటుంది" అంది. "సరే, కోటు ఇలా విప్పండి. లోపల అస్తరు చిరిగి వేలాడుతోంది. నడుం సంగతి కూడా నేను చూస్తాను."

వర్ణనగారు కోటు విప్పి ఇచ్చారు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించింది. పక్క కొక్కేనికి ఎర్రసిరా మేడం ఆకుపచ్చ కోటు వేలాడుతోంది. చేతులు పొట్టి చెయ్యమని ఇచ్చి వెళ్ళిందట. ఆ కోటు తననే చూస్తున్నట్టనిపించి వర్ణనగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ప్రయాణం నాడు పొద్దున్నే ఆవిడ ఆయన ముందు ఒక నడుంపట్టీ పట్టుకుని నిలబడింది. మందపాటి గుడ్డ, లోపల గట్టి అట్ట బద్దలు, వెనకవైపు ఇరవై నాలుగు హుక్కులు.

"ఇదెందుకోయ్? నొప్పి తగ్గినట్టే ఉంది."

"తగ్గిన నొప్పి తిరగబెడితే ప్రమాదమండీ. ఊపిరి పీల్చండి." మోకాలు ఆయన వీపుకి ఆనించి, ఇరవై నాలుగు హుక్కులూ పెట్టేసింది. "వచ్చాక విప్పుతాను."

గుమ్మంలో ఈలక్కయ్య ఈల ఊదింది. భార్య బీరువాలోంచి నీలం గొడుగు తీసింది. ఒక్కసారి దాన్ని చూసి, మళ్ళీ బీరువాలోనే పెట్టి తాళం వేసింది. చేతిసంచీలో దారపు రీళ్ళు, టేపు, కత్తెర సర్దుకుంటూంటే, యాత్రలో కూడా కుట్టుపనేమిటో అనుకున్నారు వర్ణనగారు.

వాళ్ళు వెళ్ళిన పది నిమిషాలకి ఆయన పట్టీ విప్పబోయారు. చేతులు వెనక్కి తిప్పితే హుక్కులు అందలేదు. గోడకి రాస్తే గోడ సున్నం రాలింది. పట్టీని ముందుకి తిప్పుదామని చూస్తే పట్టీ బదులు తనే తిరిగారు. పక్కింటివాళ్ళని పిలుద్దామంటే ఏమని పిలుస్తారు? తాను తీసిన గోతిలో తానే పడటమంటే ఇదేనేమో, కాకపోతే ఈ గోతిలో పడ్డవాడికి వంగే వీలు కూడా లేదు.

ఆ నాలుగు రోజులూ వర్ణనగారు నిలువునా గడిపారు. చెప్పులు కనిపించేవి కావు, కాళ్ళతో తడుముకుని వేసుకునేవారు. కింద పడ్డ పెన్సిలు కిందే ఉండిపోయింది. సూపు గిన్నె గడ్డం దాకా ఎత్తి తాగారు. ఆఫీసు వసారాలో ఎర్రసిరా మేడం ఎదురై, "మీ నడకలో ఈమధ్య హుందాతనం వచ్చిందండీ" అంది. వంగి నమస్కారం చేద్దామనుకున్నారు కానీ పట్టీ ఒప్పుకోలేదు.

అయిదో రోజు పొద్దున వీధి మొగలో ఈల వినిపించేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. భార్య ముఖం ఎండకి కాస్త కమిలి, కళ్ళు మెరుస్తున్నాయి. ముందు హుక్కులు విప్పమన్నారు. విప్పింది. బతుకుజీవుడా అని కుర్చీలో కూలబడి, టీ కూడా తానే పెట్టి, మెల్లగా మాటల్లోకి దించారు.

"ఎలా ఉందోయ్ యాత్ర?"

"బావుందండీ. బస్సులో నా పక్కన కూర్చున్నావిడకి ముగ్గురు కోడళ్ళు. పెద్దకోడలు..."

"కోడళ్ళ సంగతి తర్వాత. జలపాతం ఎంత ఎత్తుంటుందంటావు?"

"మీరు రాశారుగా, నూట ఇరవై అని."

"రాశాననుకో. నీ కంటికి?"

"నా కంటికి నూట యాభై ఉంటుందండీ" అంది ఆవిడ టీ ఊదుకుంటూ.

వర్ణనగారి ఛాతీ పొంగింది. కొళాయట, కొళాయి! ఆ ఉత్తరం రాసినవాడికి కళ్ళు లేవు.

"కోటకి మెట్లు?"

"తొమ్మిది వందలు. సింహద్వారంలోంచి రెండు గుర్రపు బళ్ళు కాదండీ, నాలుగు వెళ్ళొచ్చు. మీరు మరీ మొహమాటంగా రాశారు."

"గుహలో ప్రతిధ్వని ఏడుసార్లేనా?"

"ఎనిమిది. ఎనిమిదోది మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తుంది."

"అలా ఎలా వస్తుందోయ్?"

"పెద్ద గుహ కదండీ."

అవును మరి, పెద్ద గుహ. ఆయన పెరట్లోకి వెళ్ళి, అరచేతిమీద రాసుకుని, మళ్ళీ వచ్చారు. "సరస్సు?"

"ఎంత బావుందో! కానీ సాయంత్రం అయిదింటికి మూసేస్తారు."

"లైట్‌హౌసు?"

"అదీ బావుంది. నిమిషానికోసారి గుండ్రంగా తిరుగుతుంది."

"దీపమా?"

"దీపం ఎక్కడైనా తిరుగుతుంది. ఇక్కడ భవనమే తిరుగుతుందండీ. లోపలున్నవాళ్ళకి తెలియదు."

వర్ణనగారికి ఎక్కడో చిన్న అనుమానం తగిలింది. అటుపక్క కూర్చుని కాళ్ళు చాపుకుంటున్న ఈలక్కయ్య వంక చూశారు. "నిజమేనా అక్కయ్యా?"

"ఒరేయ్, పుస్తకం రాసినవాడివి నువ్వా నేనా? ఇన్నేళ్ళూ నీకు తెలీకుండానే రాశావా?" అంది ఈలక్కయ్య.

వర్ణనగారు గబగబా లేచి కోటు వైపు నడిచారు. అయినా అనుమానం దేనికి? గుండీ అర అంగుళం పక్కకి జరిగితే నిద్రపట్టని మనిషి తన భార్య. ఇరవై రెండేళ్ళలో ఒక్క కొలత తప్పు చెప్పి ఎరగదు. ఆ నమ్మకంతోనే, కుట్టి ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉన్న కోటు జేబులోంచి పత్రం తీసి, గళ్ళన్నీ నింపేశారు. ప్రతి అంకె పక్కనా ఒక విశేషణం కూడా జోడించారు.

మర్నాడు ఎర్రసిరా మేడం గదిలో ఆయన ఎదురుగా కూర్చున్నారు. మేడం ఆకుపచ్చ కోటు తొడుక్కుని ఉంది. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. పత్రం చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"సరస్సు సాయంత్రం అయిదింటికి మూసేస్తారా?"

"అవును మేడం."

"దేంతో?"

వర్ణనగారు ఆలోచించారు. "గేటుతో."

"నాలుగు కిలోమీటర్ల సరస్సుకి?"

"పొడవాటి గేటు మేడం. సుదీర్ఘమైన, సువిశాలమైన..."

"లైట్‌హౌసు తిరుగుతుందా?"

"నిమిషానికోసారి."

"మీరు లోపలికి వెళ్ళారా?"

"వెళ్ళాను. లోపలున్నవాళ్ళకి తెలియదు."

మేడం ఎర్ర కలం మూత తియ్యలేదు. అది మంచి శకునమో చెడ్డదో ఆయనకి అర్థం కాలేదు. మేడం కోటు జేబులో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన ఇంకో కాగితం తీసి బల్లమీద పరిచింది. అదీ పరిశీలన పత్రమే. కాకపోతే గళ్ళు చేత్తో గీసినవి, కుట్టు వేసినట్టు తిన్నగా.

"నిన్న సాయంత్రం కోటు తెచ్చుకుంటే జేబులో ఇది ఉంది. చదవనా?" అని మేడం మొదలుపెట్టింది. "'జలపాతం. పైన కమ్మీ దగ్గర నిలబడి, నల్ల దారానికి కత్తెర కట్టి కిందికి వదిలాను. అది నేలకి తగలగానే కిందనున్న మా వదిన ఈల వేసింది. నూరు గజాల రీలు కొంటే అర రీలు కూడా పట్టలేదు. దారం టేపుతో కొలిచాను. ముప్ఫై ఆరు మీటర్లు. కోట మెట్లు రెండు వందల పద్నాలుగు. నేనూ వదినా విడివిడిగా లెక్కపెట్టాం. సింహద్వారం వెడల్పు నలభై నాలుగు అంగుళాలు. గుర్రపు బండి పట్టదు. మా వదిన పట్టింది, సంచీ ముందుకి పట్టుకుంటే. గుహలో ప్రతిధ్వని మూడుసార్లు. ఈలకైతే నాలుగు.'"

వర్ణనగారికి చెవులు వేడెక్కాయి. లోకంలో ఈల పట్టుకుని కోటలెక్కే వదినలు ఎందరుంటారు?

"కింద ఇంకా ఉంది" అంది మేడం. "'అమ్మా, గుడ్డ మీద చెయ్యి వేసేముందు జేబులు ఖాళీ చెయ్యడం మా పనిలో మొదటి పాఠం. మా ఆయన కోటు జేబులో మీ పత్రం దొరికింది. నన్నెందుకు యాత్రకి పంపుతున్నారో అప్పుడు తెలిసింది. చదివాక మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఇరవై రెండేళ్ళకి మొదటిసారి నాకు అబద్ధాలు చెప్పబుద్ధయింది, చెప్పాను. ఆయన పత్రంలో లైట్‌హౌసు తిరుగుతూ ఉంటే, ఆ తప్పు నాది. ఆయన్ని మాత్రం టైం టేబుళ్ళకి పంపకండి. కొలతలు రావు గానీ ఆయన మాటలు బావుంటాయి. పదకొండు ముద్రణలూ ఆ మాటల కోసమే చదివాను.'"

వర్ణనగారు సిగ్గుతో బల్ల అంచు వంక చూస్తూ కూర్చున్నారు. ఎప్పుడూ లేనిది ఆయనకి ఒక్క విశేషణం కూడా తట్టలేదు.

"నిజంగా ఎక్కడిదాకా వెళ్ళారు మీరు?" అంది మేడం.

"మూడో మలుపు దాకా మేడం."

"ఎప్పుడు?"

"పెళ్ళయిన వారానికి."

మేడం ముఖం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. భుజాలు కొద్దిగా కదిలాయి. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముఖం మామూలుగానే ఉంది. "పన్నెండో ముద్రణకి కొలతలు మీ ఆవిడవి, మాటలు మీవి. అట్టమీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఆవిడ పేరు పైన. టైం టేబుళ్ళ కుర్చీ ఇంకో నెల ఖాళీగానే ఉంచుతాను. ఈలోగా ఈ అయిదూ మీరు కంటితో చూసి రావాలి. ఇది నా షరతు కాదు, ఆవిడదే. చివరి వాక్యం మీరే చదువుకోండి."

ఆయన చదువుకున్నారు. 'జలపాతం ఆయన చూసి రాయాలి. మూడో మలుపు సంగతి నేను చూసుకుంటాను.'

ఇంటికొచ్చేసరికి ఆవిడ ఎవరి చొక్కాకో గుండీలు కుడుతోంది.

"ముందే అడగొచ్చుగా, పత్రం సంగతి" అన్నారు ఈయన, గుమ్మంలోనే నిలబడి.

"ముందే చెప్పొచ్చుగా మీరు" అంది ఆవిడ, దారం పంటితో తెంపి. "తిరిగే లైట్‌హౌసు దగ్గరైనా ఆగుతారనుకున్నాను. ఆగలేదు. అరచేతిమీద రాసుకొచ్చారు."

"నువ్వు చెప్పావని నమ్మాను."

ఆవిడ సూది ఆగింది. ఆ మాట ఆవిడకి నచ్చిందని ఎర్రబడ్డ చెవుల చివర చూస్తే తెలుస్తోంది. "అయితే బుధవారం బస్సుకి సిద్ధంగా ఉండండి" అంది.

బుధవారం పొద్దున ఆవిడ బీరువా తాళం తీసి నీలం గొడుగు బయటికి తీసింది. తర్వాత నడుంపట్టీ కూడా తీసింది.

"నా నడుం బానే ఉందోయ్!"

"నాకు తెలుసు. కడుపు కదలకుండా ఉంటే వికారం ఉండదట, బస్సులో ఆ ముగ్గురు కోడళ్ళావిడ చెప్పింది. ఊపిరి పీల్చండి."

మొదటి మలుపులో వర్ణనగారు మాట మానేశారు. రెండో మలుపులో రంగు మారారు. మూడో మలుపు వచ్చేసరికి చెయ్యెత్తి డ్రైవరుని పిలవబోతే, ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. "వర్ణించండి" అంది.

"ఏమిటి?"

"ఏదైనా. ఎదుటి సీటు వర్ణించండి. నేను వింటాను."

ఆయన పళ్ళు బిగించి మొదలుపెట్టారు. వెలిసిపోయిన ఆ సీటు గుడ్డని, దాని మీద పిన్నీసుతో ఎవరో గీకిన పిల్లి బొమ్మని, ముందు కూర్చున్నాయన బట్టతలనీ మలుపు మలుపుకీ వర్ణిస్తూ పోయారు. బట్టతలాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పదిహేడో మలుపు దగ్గర, తోడుగా వచ్చి వెనక సీట్లో కూర్చున్న ఈలక్కయ్య ఈల వేసింది. జలపాతం వచ్చేసింది.

వర్ణనగారు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. పాలకడలీ లేదు, దివీ భువీ లేవు. నల్లటి రాయి మీదినుంచి తెల్లగా నీళ్ళు పడుతున్నాయి. ముఖానికి చల్లగా తుంపర తగులుతోంది. పక్కన ఆవిడ గొడుగు విప్పింది. ఇరవై రెండేళ్ళ మడతలు గొడుగు మీద గీతలు గీతలుగా ఉన్నాయి. ఆవిడ నవ్వుతోంది. ఇంత చిన్నదాన్ని చూపించడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటని ఆయనకి మొదటిసారి బాధనిపించింది.

"ఏమైనా అనండీ" అంది ఆవిడ.

"చిన్నదే" అన్నారు ఆయన. "కానీ తడుపుతోంది."

"అదే రాయండి. బావుంది."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి అదే రాసుకున్నారు. తర్వాత బస్సు కోట కింద ఆగింది. వర్ణనగారు తలెత్తి మెట్ల వరస చూశారు. అది మేఘంలోకి పోతున్నట్టుంది. ఈసారి అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆయన మెల్లగా భార్య వైపు ఒరిగారు.

"ఏమోయ్, మెట్లు నువ్వు లెక్కపెట్టి రాశావుగా. నేను కింద కూర్చుని చదువుకుంటాను."

"చదువుకోవడానికి ఇంటిదగ్గర బోలెడు తీరికుందండీ" అంది ఆవిడ.

"పోనీ ఈ పట్టీ అయినా విప్పవోయ్. దీంతో ఎక్కలేను."

ఆవిడ ఆయన వెనక్కి వెళ్ళి, ఇరవై నాలుగు హుక్కులూ ఒకసారి తడిమి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. "ఇంకా నాలుగు చోట్లున్నాయి" అంది. "లైట్‌హౌసు తిరగడం లేదని మీరు కళ్ళారా చూశాక విప్పుతాను."

వర్ణనగారు సాయం కోసం అక్కయ్య వంక చూశారు. ఈలక్కయ్య అప్పటికే పదో మెట్టు మీద నిలబడి నోట్లో ఈల పెట్టుకుంది. ఈల మోగింది. వర్ణనగారు నిటారుగా, ఎంతో హుందాగా మొదటి మెట్టెక్కి, "ఒకటి" అన్నారు.